ఇంటికి పంపే కాగితంలో లేని వాక్యం
(ఆసుపత్రి ఉద్యోగులు, ఇ.ఎస్.ఐ. లబ్ధిదారులు కలిసి పాల్గొన్న శిక్షణా తరగతిలో సమాఖ్య పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతిలో ఒక ప్రక్క ఆసుపత్రులలో పనిచేసే నర్సులు, ఫార్మసిస్టులు, వార్డు సిబ్బంది కూర్చుని వున్నారు. మరొక ప్రక్క ఫ్యాక్టరీలలోను, గనులలోను, రైల్వేలోను పనిచేస్తూ, జబ్బు చేసినప్పుడు ఆ ఆసుపత్రుల గడప తొక్కే కార్మికులు వున్నారు. ఇరువురూ ఒకే సమాఖ్య సభ్యులు. అయినా ఆసుపత్రిలో ఎదురుపడినప్పుడు ఒకరిమీద ఒకరు విసుక్కోవడమే ఎక్కువగా జరుగుతున్నది. అందుచేత ఇరువురినీ ఒక చోట కూర్చోబెట్టి మాట్లాడవలసిన విషయాన్నే ఈ పూటకు ఎంచుకున్నాము. రోగి ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళేటప్పుడు అతని మందులలో జరిగిన మార్పును అతనికి ఎవరు చెప్పాలి, ఎట్లా చెప్పాలి, చెప్పకపోతే ఏమవుతుంది అనేదే ఆ విషయం.

వేతన ఒప్పందాలు, కాంట్రాక్టు కార్మికుల క్రమబద్ధీకరణ వంటి సమస్యలు వుండగా మందుచీటీల గొడవ మనకెందుకని కొందరు ప్రతినిధులు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో జర్మనీలోని బాన్ నగరంలో, మందుల వల్ల కలిగే హానిని నివారించేందుకు ఒక ప్రపంచవ్యాప్త కార్యక్రమాన్ని ప్రకటించింది. మందుల వాడకంలో జరిగే పొరపాట్ల మూలంగా ప్రపంచం ఏటా 4,200 కోట్ల డాలర్లు నష్టపోతున్నదని ఆనాడు అంచనా వేసింది. మూడు సందర్భాలపై ముందుగా దృష్టి పెట్టాలని కూడా చెప్పింది. అపాయకరమైన మందులు వాడే పరిస్థితులు ఒకటి, ఒకే మనిషి అనేక మందులు వాడటం రెండవది, రోగి ఒక వైద్యస్థానం నుంచి మరొక స్థానానికి మారటం మూడవది. గుండెకు స్టెంటు వేయించుకుని ఇంటికి వెళ్ళే యాభై యేళ్ళ కార్మికుని విషయంలో ఈ మూడూ ఒకే రోజున కలిసి వస్తున్నవి.

మాట తేలికగా అర్థం కావడానికి ఒక ఉదాహరణను తీసుకుందాం. పటాన్‌చెరు ప్రాంతంలోని ఒక ఫ్యాక్టరీలో పనిచేసే కార్మికుడొకడు ఆరేళ్ళుగా రక్తపోటుకు అటెనొలాల్ అనే మాత్ర వాడుతున్నాడనుకుందాం. డిస్పెన్సరీలో నెలనెలా కాగితపు కవరులో ఇస్తారు. ప్రొద్దున టీ త్రాగగానే వేసుకుంటాడు. ఒకనాటి రాత్రి షిఫ్టులో గుండెనొప్పి వచ్చి, ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ద్వారా ఒప్పందం వున్న ప్రైవేటు ఆసుపత్రిలో చేరాడు. స్టెంటు వేశారు. అక్కడి వైద్యులు అటెనొలాల్ బదులు మెటోప్రొలాల్ వ్రాశారు. వారి నిర్ణయంలో తప్పేమీ లేదు. ఆ రెండూ గుండె వేగాన్ని తగ్గించే ఒకే తరగతి మందులు. రెండింటిలో ఒకటి చాలు. అయిదవ రోజున అతనిని ఇంటికి పంపుతూ ఇచ్చిన కాగితంలో మెటోప్రొలాల్ పేరు వున్నది. అటెనొలాల్ పేరు ఎక్కడా లేదు.

లేదు గనుక అది మానివేయబడినదని వైద్యుని భావన. కార్మికుని ఆలోచన వేరు. "గుండె డాక్టరుగారు గుండెకు మాత్ర ఇచ్చారు. బి.పి. మాత్ర సంగతి ఆయన ఎత్తలేదు. ఎత్తలేదంటే దానిని ఎప్పటివలె వేసుకోమనే గదా!" అని అతడు అనుకుంటాడు. నిష్పక్షపాతంగా చూస్తే ఈ తర్కంలో లోపం ఏమీ లేదు. మన ఇళ్ళలో ఎవరైనా అట్లాగే ఆలోచిస్తారు. మరునాటి నుంచి అతడు రెండూ మ్రింగుతాడు. నాడి మందగిస్తుంది, కళ్ళు తిరుగుతవి. సెలవు ముగిసి పనిలోకి వెళ్ళిన నాడు నిచ్చెన మీదనో, తిరిగే యంత్రం దగ్గరనో ఆ కళ్ళు తిరగడం సంభవిస్తే, దానిని ఫ్యాక్టరీ రిజిస్టరులో కార్మికుని అజాగ్రత్త వల్ల జరిగిన ప్రమాదంగా వ్రాసుకుంటారు. అసలు కారణం ఆ కాగితంలో వ్రాయకుండా విడిచిన ఒక్క వాక్యం: "పాత మాత్ర అటెనొలాల్ ఆపివేయండి, దాని బదులే ఈ కొత్త మాత్ర."

ఈ పూట మేము చెప్పదలచినదంతా ఆ వాక్యంలోనే వున్నది. మందుల జాబితా ఇవ్వడం వేరు, మార్పు తెలియజేయడం వేరు. జాబితా ఇకమీదట ఏమి వేసుకోవాలో చెబుతుంది. నిన్నటికీ నేటికీ మధ్య ఏమి మారినదో చెప్పదు. ఏ మందు కొత్తగా చేరినది, ఏది తీసివేయబడినది, దేని మోతాదు పెరిగినది లేక తగ్గినది, ఎందుకు, ఎన్నాళ్ళ వరకు అనే సంగతులు లేని జాబితా, ఇంట్లో పాత మాత్రల డబ్బా వున్న మనిషికి సగం మాట మాత్రమే.

ఇందులో రెండు విధాల హాని వున్నది. ఆపవలసిన మందు కొనసాగడం ఒక విధం. ఆసుపత్రిలో వున్నన్నాళ్ళు కడుపులో మంటకని ప్రారంభించిన పాంటోప్రజోల్ మాత్ర ఏళ్ళ తరబడి సాగిపోతున్న ఇళ్ళు మనలో ఎన్ని లేవు? మోకాళ్ళ నొప్పికి, నడుము నొప్పికి దుకాణంలో అడిగి కొనుక్కునే డైక్లోఫెనాక్ మాత్ర, మూత్రపిండాలు దెబ్బతిన్నవానికి, గుండె బలహీనపడినవానికి చేటు చేస్తుంది. కాని అది చీటీ లేకుండా కొన్న మందు గనుక ఎవరి కాగితంలోనూ వుండదు. దానిని మానమని ఎవరూ వ్రాయరు. ఇక కొనసాగవలసిన మందు ఆగిపోవడం రెండవ విధం. స్టెంటు వేసుకున్నవాడు క్లోపిడోగ్రెల్ దుకాణంలో దొరకలేదనో, నెల సీసా అయిపోయినదనో మొదటి నెలలలో ఆపివేస్తే, ఆ స్టెంటులోనే రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికి రావచ్చు. చాలా వారాలుగా వాడిన ప్రెడ్నిసొలోన్ మాత్రను ఒక్కసారిగా ఆపకూడదు, మెల్లగా తగ్గించాలి. యాంజియోగ్రాం ముందు కొందరికి, మూత్రపిండాల పరిస్థితిని బట్టి, మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్రను తాత్కాలికంగా ఆపుతారు. తిరిగి ఎప్పుడు మొదలుపెట్టాలో కాగితంలో వ్రాయకపోతే ఆ తాత్కాలికం శాశ్వతమైపోతుంది. నెల గడిచి షుగరు మూడు వందలు దాటిన తరువాత, "మందు ఎందుకు మానావయ్యా?" అని డిస్పెన్సరీలో రోగినే గద్దిస్తారు.

మోతాదు విషయంలో జరిగే పొరపాటు మరింత తీవ్రమైనది. కీళ్ళవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకోవలసిన మందు. రోజూ వేసుకుంటే ఎముకల మూలుగు దెబ్బతిని, నోరు పుండ్లుపడి, రక్తకణాలు పడిపోయి, మనుషులు మరణించిన సందర్భాలు అనేక దేశాలలో నమోదైనవి. "వారానికొకసారి" అని వ్రాయడం కూడా చాలదు. "ప్రతి సోమవారం మాత్రమే" అని వారం పేరు వ్రాయాలి. ఇన్సులిన్ సంగతి మన దేశంలో మరీ విచిత్రం. మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసాలూ, 100 యూనిట్లవీ రెండూ మన దగ్గర చెలామణిలో వున్నవి. సిరంజిలు కూడా రెండు రకాలు. నలభైకి ఎర్ర మూత, వందకు నారింజ రంగు మూత. వంద యూనిట్ల మందును నలభై సిరంజితో ఇరవై గీత వరకు ఎక్కిస్తే శరీరంలోకి వెళ్ళేది ఇరవై కాదు, యాభై యూనిట్లు. ఆసుపత్రిలో ఒక రకం, డిస్పెన్సరీలో మరొక రకం ఇచ్చే చోట, "ఇన్సులిన్ 20" అని మాత్రమే వ్రాసిన కాగితం ఎంతటి అపాయమో వేరుగా చెప్పనవసరం లేదు.

అయితే ఈ పొరపాటు ఇంటికి పంపే నాడు పుట్టదు. చేర్చుకున్న నాటి రాత్రే పుడుతుంది. "ఏమైనా మందులు వాడుతున్నావా?" అని క్యాజువాలిటీలో అడుగుతారు. "బి.పి.కి తెల్ల మాత్ర ఒకటండీ" అని జవాబు వస్తుంది. రక్తపోటు వున్నది, మందు వాడుచున్నాడు అని కేసుషీటులో వ్రాస్తారు. ఏ మందో, ఎంత మోతాదో వ్రాయరు. అయిదు రోజుల తరువాత డిశ్చార్జి కాగితం తయారుచేసే యువ వైద్యునికి, పాత మందుతో కొత్త మందును పోల్చి చూడటానికి ఎదుట ఏమి వున్నది? ఏమీ లేదు. రోగికి కూడా పేరు తెలియకపోవడానికి కారణం వున్నది. దుకాణాలలో మాత్రల పట్టీని కత్తిరించి అయిదో, పదో చేతిలో పెడతారు. పేరు, గడువు తేదీ దుకాణదారు దగ్గర మిగిలిన ముక్క మీద వుండిపోతవి. కనుక మన సభ్యులకు మేము మొట్టమొదట చెప్పేది ఇది. ఆసుపత్రికి బయలుదేరేటప్పుడు ఇంట్లో వున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకువెళ్ళండి. మాత్రలే కాదు, ఇన్సులిన్, కంటి చుక్కలు, ఆయుర్వేద లేహ్యాలు, ఊళ్ళో ఆర్.ఎం.పి. ఇచ్చిన పొట్లాలు, నొప్పి మాత్రలు సమస్తం. సిగ్గుపడవలసినది ఏమీ లేదు. ప్రవేశించిన నాటి మందులను, వెళ్ళే నాటి మందులను ప్రక్కప్రక్కన పెట్టి సరిచూడటం అమెరికాలో 2005 నాటికే ఆసుపత్రుల గుర్తింపుకు సంబంధించిన భద్రతా లక్ష్యాలలో చేరినది. మన దేశంలో ఇది ఇంకా మంచి ఆసుపత్రుల అలవాటుగానే మిగిలి వున్నది.

ఇప్పుడు ఆసుపత్రి ఉద్యోగుల వైపుకు వస్తాము. ఈ మాటలన్నీ వింటున్న నర్సు సోదరీమణుల మనసులో ఏమున్నదో మాకు తెలుసు. "ఇది కూడా మా నెత్తినే వేస్తారా?" అని. ఆ భయం నిరాధారం కాదు. ఇటువంటి సమస్య బయటపడగానే యాజమాన్యాలు చేసే మొదటి పని ఒక రబ్బరు స్టాంపు చేయించడం. "మందుల గురించి రోగికి వివరించబడినది" అని దానిమీద వుంటుంది. క్రింద నర్సు సంతకం, రోగి వ్రేలిముద్ర. ఆ స్టాంపు రోగిని కాపాడదు. రేపు కేసు నడిచినప్పుడు ఆసుపత్రిని కాపాడుతుంది, నర్సును పట్టిస్తుంది.

లెక్క వేసి చూడండి. ఒక వార్డులో ఒక రోజున 12 మందిని ఇంటికి పంపుతున్నారు. ఒక్కొక్కరికి పాత మందులు, కొత్త మందులు సరిచూచి చెప్పడానికి 15 నిమిషాలు పడుతుంది. మొత్తం 3 గంటల పని. ఆ మూడు గంటలు ఏ డ్యూటీ చార్టులో వున్నవి? ఇంజెక్షన్లు, సెలైన్లు, కొత్త అడ్మిషన్లు, రౌండ్లు అన్నీ వ్రాసి వుంటవి గాని, ఈ పని ఎక్కడా వ్రాసి వుండదు. వ్రాయని పనికి సిబ్బందిని ఇవ్వరు. సిబ్బంది లేని పనిని మధ్యాహ్నం బిల్లు తెమిలి, పడక ఖాళీ చేయించే హడావిడిలో, నిలబడి రెండు ముక్కలలో ముగించమంటారు. కాబట్టి మన కోరిక స్టాంపు కాదు. ఈ పనిని పనిగా గుర్తించి, దానికి మనిషినీ, సమయాన్నీ కేటాయించాలన్నది మన కోరిక. ఈ కోరికలో రోగి ప్రయోజనం, ఉద్యోగి ప్రయోజనం వేరువేరు కావు.

ఫార్మసిస్టు సంగతి ఇంకొకటి. మన పెద్దలు ఇప్పటికీ కాంపౌండరనే పిలుస్తారు. మందు నూరి ఇచ్చే రోజులు పోయినా ఆ పేరు పోలేదు. 2015లో వచ్చిన ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు రోగికి మందుల గురించి సలహా చెప్పడం ఫార్మసిస్టు విధులలో ఒకటిగా చేర్చినవి. కాని మన ఆసుపత్రులలో అతనిని ఎక్కడ కూర్చోబెట్టారు? ఇనుప చువ్వల కిటికీ వెనుక, వంద మంది క్యూ ముందు. మందుల గురించి ఎంతో చదివిన మనిషిని పొట్లాలు అందించే చేయిగా మార్చివేశారు. అతనిని వార్డులోకి రప్పించి, ఇంటికి వెళ్ళేవారి మందులు సరిచూసే పని అప్పగిస్తే నర్సుల మీద భారం తగ్గుతుంది, పని కూడా మెరుగుగా జరుగుతుంది.

చెప్పే పద్ధతి గురించి కూడా నాలుగు మాటలు. "అర్థమైందా?" అని అడిగితే మనవాళ్ళెవరైనా "అయిందండీ" అనే అంటారు. పెద్ద చదువు చదివినవారి ఎదుట అర్థం కాలేదని చెప్పడం మన కార్మికునికి చేతకాదు. అందుచేత ప్రశ్నను మార్చాలి. మాత్రలన్నీ మంచం మీద పెట్టి, "బాబాయిగారూ, రేపు ప్రొద్దున వీటిలో ఏవి వేసుకుంటారో నాకు తీసి చూపించండి" అనాలి. "ఇంటి దగ్గర వున్న పాత బి.పి. మాత్రను ఏమి చేస్తారు?" అని అడగాలి. "అదీ వేసుకుంటానమ్మా, అది బి.పి.ది గదా సిస్టరమ్మా!" అని ఆయన అన్న క్షణంలో ప్రమాదం బయటపడుతుంది. ఈ ఒక్క ప్రశ్న పది కరపత్రాల పెట్టు. పైగా ఆ మాట ఎవరికి చెబుతున్నాము అనేది కూడా చూడాలి. ఇంట్లో మందులు తీసి ఇచ్చేది చాలాచోట్ల భార్యో, కోడలో. డిశ్చార్జి సమయానికి ఆమె బిల్లు కౌంటరు దగ్గరో, ఆటో కోసం గేటు దగ్గరో వుంటుంది. ఆమె వచ్చేదాకా ఆగి చెప్పాలి.

భాష మరొక అడ్డంకి. డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో వుంటుంది. ఓ.డి., బి.డి., టి.డి.ఎస్., హెచ్.ఎస్. అనే పొడి అక్షరాలు లాటిను నుంచి వచ్చినవి. ఇంగ్లీషు చదివిన పిల్లవాడికి కూడా అవి అర్థం కావు. 1-0-1 అంటే ప్రొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి అని తెలియక ఒకటి, సున్న, ఒకటి కలిపి నూటొకటిగా చదివి తెల్లబోయేవారు వున్నారు. యూనిట్లకు బదులు వ్రాసిన "యు" అక్షరం సున్నగా కనిపించి పది వందగా మారిన ఉదంతాలు వైద్యగ్రంథాలలోనే వున్నవి. సూరత్‌లోను, షోలాపూర్‌లోను, భివండీలోను మగ్గాల మీద బ్రతికే మన తెలుగువారి అవస్థ దీనికి రెట్టింపు. అక్కడి నర్సు గుజరాతీలోనో, మరాఠీలోనో చెబుతుంది. కాగితం ఇంగ్లీషులో వుంటుంది. రోగి ఆలోచించేది తెలుగులో. మందుల పేర్లను అనువదించనక్కరలేదు. "కొత్తది", "ఆపండి", "మోతాదు మారింది", "ఎప్పటివలెనే" అనే నాలుగు మాటలు, ప్రొద్దునకు సూర్యుడు, రాత్రికి చంద్రుడు బొమ్మలు అచ్చువేసిన ఒక పత్రం చాలు. ఆ ఊళ్ళలోని మన శాఖలు ఈ పత్రాన్ని తెలుగులో అచ్చువేసి ఆసుపత్రులకు ఇవ్వడానికి పెద్ద ఖర్చు కాదు.

ఇంటికి చేరిన తరువాత కూడా కథ ముగియదు. ఒప్పందపు ఆసుపత్రి ఇచ్చిన కొద్దిరోజుల మందులు అయిపోగానే కార్మికుడు మళ్ళీ డిస్పెన్సరీకే రావాలి. ఆరోగ్యశ్రీ 2007లో ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైనప్పుడు ఆసుపత్రి విడిచిన తరువాత పది రోజుల మందులను ప్యాకేజీలో చేర్చారు. పదకొండవ రోజు మాట ఏమిటి? డిస్పెన్సరీలో అదే మందు వేరే కంపెనీ పేరుతో వుంటుంది. పేరు వేరు గనుక మందు కూడా వేరనుకుని, మిగిలిన పాతదీ, ఇచ్చిన కొత్తదీ రెండూ వేసుకుంటారు. భారత వైద్యమండలి తన నిబంధనలను 2016లో సవరించి, మందుల అసలు పేర్లను స్పష్టంగా, వీలైనంతవరకు పెద్ద అక్షరాలలో వ్రాయాలని చెప్పినది ఇందుకే. ఇంగ్లండులో 2021 ఫిబ్రవరి నుంచి, ఇంటికి వెళ్ళే రోగి మందుల మార్పులను ఆసుపత్రి నేరుగా అతని ఊరి మందుల దుకాణపు ఫార్మసిస్టుకు తెలియజేస్తుంది. ఆయన పాత చీటీతో సరిచూస్తాడు. మన ఇ.ఎస్.ఐ.లో ఆసుపత్రి, డిస్పెన్సరీ రెండూ ఒకే పథకం క్రిందివి. కాగితాన్ని ఒకచోటి నుంచి మరొకచోటికి పంపడానికి రోగి జేబు తప్ప వేరే మార్గం లేదంటే నమ్మశక్యం కాదు.

ఇదంతా దయతో చేయవలసిన పని అని ఎవరైనా అంటే మనం ఒప్పుకోకూడదు. 1952లో కాన్పూరు, ఢిల్లీలలో ఆరంభమైన నాటి నుంచి ఇ.ఎస్.ఐ. కార్మికుని చందాతో నడుస్తున్నది. 2019 జూలై నుంచి ఆ చందా కార్మికుని వేతనంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. చందా చెల్లిస్తున్నాడు గనుక ఇది ఉచితసేవ కాదని, ఇ.ఎస్.ఐ. వైద్యంలో లోపానికి వినియోగదారుల చట్టం క్రింద పరిహారం అడగవచ్చని సుప్రీంకోర్టు 2007లో కిశోర్‌లాల్ కేసులో తీర్పు చెప్పింది. అంతేగాక, రోగి గాని అతని తరఫువారు గాని కోరిన 72 గంటలలో వైద్యరికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య నీతి నిబంధనలు చెబుతున్నవి. కాగితం అర్థం కాకపోతే తిరిగి వెళ్ళి అడిగే హక్కు మనకు వున్నది. కాని తెలియక ఏ మందునూ మీకు మీరే ఆపవద్దు, కలపవద్దు; ముందు అడగండి, ఆ తరువాతనే మార్చండి.

ఇ.ఎస్.ఐ. కార్పొరేషన్‌లోను, ప్రాంతీయ బోర్డులలోను కార్మిక ప్రతినిధులు వున్నారు. రానున్న సమావేశాలలో మన ప్రతినిధులు లేవనెత్తవలసిన అంశాలు ఇప్పుడు చెప్పినవే. చేర్చుకున్న నాడు మందుల పట్టిక, వెళ్ళే నాడు మార్పుల పట్టిక, దాని నకలు డిస్పెన్సరీకి, ఆ పనికి ప్రత్యేకంగా కేటాయించిన సిబ్బంది. ఒప్పందపు ఆసుపత్రుల బిల్లులు చెల్లించే ముందు మార్పుల పట్టిక జతచేసి వున్నదా లేదా అని చూడమని మనం అడగాలి. డబ్బు ఆగుతుందంటే కాగితం దానంతట అదే వస్తుంది.

రేపు ఉదయపు తరగతికి ప్రతి ప్రతినిధీ తన ఇంట్లోని ఒక పాత డిశ్చార్జి కాగితాన్ని, పేరు కనిపించకుండా మడిచి, తీసుకురావలసిందిగా కోరుతున్నాము. నలుగురేసి జట్టుగా కూర్చుందాం. ప్రతి జట్టులో ఒక ఆసుపత్రి ఉద్యోగి వుంటారు. ఆ కాగితంలో ఏ మందు ఆపివేయబడినదో కనుక్కోవడానికి ఎంతసేపు పడుతుందో చూద్దాం. ఇప్పుడు ప్రశ్నలు అడగవచ్చు.